బుడ్డివలసలో సభ కొనసాగుతున్నది

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. అరవై రెండో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట దీర్ఘం సాగినా మీరే సర్దుకుని చదవండి. రాయడమూ నాకు నెమ్మదే. రోజుకు అర పేజీ అయితే గొప్ప. కాకపోతే ఈ కథలో జరిగిన సభ నా చేతిరాత కన్నా నెమ్మదిగా నడిచింది. కనుక ఆలస్యం విషయంలో నాకు పెద్ద సిగ్గు లేదు.

బుడ్డివలసకు బస్సు వస్తుందని తెలిసిన రోజున సూరీడమ్మ అరెకరంలో వంకాయ నాటింది. అంతకు ముందు ఎన్నడూ పదిహేను సెంట్లు దాటి వెయ్యలేదు. వేసి ఏం చెయ్యాలి? సంత పెదకోటలో, తొమ్మిది కిలోమీటర్లు. తట్ట నెత్తిన పెట్టుకుని నడిచే రోజుల్లో నడిచింది. ఇప్పుడు మోకాళ్లు రెండూ ఎదురు తిరిగాయి. ఇంటి ముందుకొచ్చే వ్యానువాడు కాయను గిల్లి చూసి, ముఖం చిట్లించి, తనకు తోచిన ధర చెప్పి పోతాడు. ఆ చిట్లింపు చూడలేకనే ఆమె ఈసారి తెగించింది. బస్సు వస్తుంది, తట్టలు బస్సెక్కుతాయి, సంతలో తన ధర తనే చెబుతుంది. వారానికి రెండు సంతలు, సోమవారం, గురువారం.

బస్సు వచ్చింది కూడా. కొత్తది. నీలం రంగు, నెత్తిన మామిడాకులు, ముక్కున బంతిపూల దండ. పంచాయతీ మైదానంలో పెళ్లికూతురిలా నిలబడింది. మంత్రిగారు వచ్చి పచ్చజెండా ఊపితే కదలడమే.

ఆ రోజు పది గంటలకు సభ అన్నారు. పొదుపు సంఘాల ఆడవాళ్లను తొమ్మిదికే తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టారు. రిజిస్టరులో రెండు వందల పన్నెండు మంది వేలిముద్రలు, సంతకాలు పడ్డాయి. సూరీడమ్మది మూడో వరస, పదకొండో కుర్చీ. మంత్రిగారు ఒంటిగంటకు వచ్చారు. దీపం వెలిగించారు. ప్రార్థన పాడారు. పద్నాలుగు దండలు వేశారు. సోమయాజి మాస్టారు మైకు ముందు నిలబడి ఒక్కొక్క దండకూ ఒక్కొక్క పద్యం చదివారు. ఆయన హైస్కూల్లో తెలుగు చెబుతారు, సభ ఎక్కడ జరిగినా మైకు ఆయనదే.

చివరికి మంత్రిగారు జెండా చేతిలోకి తీసుకుని బస్సు ముందు నిలబడ్డారు. ప్రభుత్వ ఫొటోగ్రాఫరు, "వెనకాల బండి కొంచెం కదుల్తా ఉంటే వీడియో బాగుంటుంది సార్," అన్నాడు. డ్రైవరు గురునాయుడు గేరు వేశాడు. జనం చప్పట్లు మొదలుపెట్టారు. జెండా సగం లేచింది.

అప్పుడు మంత్రిగారి మనిషి పరుగున వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారి ముఖం ఉడికిన వంకాయ అయిపోయింది. చేతిలో జెండాను జేబురుమాలు అనుకున్నారో ఏమో, దానితోనే ముఖం తుడుచుకుని, మడిచి జేబులో పెట్టుకుని, కారెక్కి వెళ్లిపోయారు.

ప్రభుత్వం పడిపోయింది. మంత్రులందరూ ఒక్క కాగితం మీద రాజీనామా చేశారు. మరి కొత్తవాళ్లెవరంటే, ఎవరికి ఏ శాఖ అన్న దగ్గర తగాదా పడి ఎవ్వరూ ప్రమాణం చెయ్యలేదు. రాష్ట్రంలో మంత్రి అనేవాడు ఒక్కడూ లేడు.

తహసీల్దారు పాండురంగారావు గారు వేదిక మీదే ఉన్నారు. ఆయన ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. కాగితంలో లేని పని ఏదీ చెయ్యకపోవడం వల్లనే అది సాధ్యమైందని ఆయనే చెబుతారు. పావుగంటలో రాజధాని నుంచి ఆయన ఫోనుకు ఉత్తర్వు వచ్చింది. మైకులో చదివారు.

"మంత్రులు లేనంత మాత్రమున ప్రభుత్వము లేనట్లు కాదు. ఇప్పటికే ప్రారంభమైన కార్యక్రమములన్నియు ఏ స్థితిలో ఉన్నవో ఆ స్థితిలోనే కొనసాగించవలెను. కొత్తవి ప్రారంభించరాదు. ప్రారంభమైన వాటిని ముగించు అధికారము మంత్రికి తప్ప అన్యులకు లేదు. తదుపరి ఉత్తర్వులు వచ్చునంత వరకు ఇది అమలులో ఉండును."

చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని మళ్లీ చదువుకున్నారు, ఈసారి లోలోపల.

సూరీడమ్మ కుర్చీలోంచి లేచింది. "అయితే బాబూ, మరింక ఇంటికెల్లిపోమా?"

"ఇంటికా? సభ జరుగుతుండగా?"

"జరగడమేటి బాబూ, మంత్రిగోరు ఎల్లిపోనారు గదా."

"దీపం వెలిగిందా లేదా?"

"ఎలిగింది."

"ప్రార్థన అయిందా?"

"అయింది."

"అయితే సభ ప్రారంభమైనట్టే. ప్రారంభమైనదాన్ని ముగించడానికి నువ్వెవరు, నేనెవరు? కూర్చోమ్మా."

సూరీడమ్మ కూర్చుంది. సాయంత్రం దాకా అనుకుంది.

సాయంత్రానికి తహసీల్దారు గారు విధివిధానాలు తయారుచేశారు. దీపం ఆరకూడదు. అందుకు ఇద్దరు గుమాస్తాలకు నూనె డ్యూటీ. మంత్రిగారి కుర్చీ, దాని మీద తెల్ల తువ్వాలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. తువ్వాలు మాసితే పైనుంచి ఇంకొకటి పరచవచ్చు గాని కిందది తియ్యకూడదు. పూట పూటకూ పద్నాలుగు దండలు కుర్చీకి పడాలి. ప్రేక్షకులు రెండు వందల పన్నెండు మందీ హాజరు కావాలి. ఎవరికైనా తప్పనిసరి పని ఉంటే ఇంట్లోంచి ఒక మనిషిని బదులు పంపాలి. పులిహోర పొట్లాలు యథాప్రకారం. ఇక చప్పట్లు. మంత్రిగారు వెళ్లే సమయానికి సభ చప్పట్లు కొడుతున్న స్థితిలో ఉన్నది కాబట్టి చప్పట్లు ఆగరాదు. గంటకు నలుగురు చొప్పున వంతులు.

"నలుగురు చాల్తారా సార్?" అని సోమయాజి మాస్టారు అనుమానపడ్డారు.

"ఉత్తర్వులో చప్పట్ల పరిమాణం చెప్పలేదు," అన్నారు తహసీల్దారు గారు. ఆయనకు కూడా జాలి ఉంది.

మాస్టారి పని అన్నిటికన్నా కష్టం. మంత్రి వెళ్లే నిమిషంలో ఆయన నోట్లో ఉన్న మాట, "మరి కొద్ది క్షణాల్లో గౌరవ మంత్రివర్యుల అమృత హస్తాల మీదుగా..." ఆ క్షణాలను ఆయన సాగదీయాలి. మొదటి రోజు బుడ్డివలస చరిత్ర చెప్పారు. రెండో రోజు బస్సు చరిత్ర. మూడో రోజు చక్రం పుట్టుక. అయిదో రోజుకు గొంతు పోయి, డ్రిల్లు మాస్టారిని బదులు పెట్టుకున్నారు. ఆయనకు రెండే మాటలు వచ్చు. అందుచేత ఒక గంట పాటు ప్రేక్షకులు లేచారు, కూర్చున్నారు, లేచారు, కూర్చున్నారు. సూరీడమ్మ మోకాళ్లు ఆ గంటను ఇప్పటికీ మర్చిపోలేదు.

వేదిక మీదున్న అధికారులు వేదిక దిగకూడదు గనుక మండలాఫీసే వేదిక మీదికొచ్చింది. బీరువాలు, స్టాంపులు, టీ ఫ్లాస్కు సహా. మైకు ఆపకూడదు గనుక ఆఫీసు పనులన్నీ మైకులోనే జరిగాయి.

"పాలవలస రామినాయుడికి ఆదాయ ధ్రువపత్రం. ఏడాదికి ముప్ఫై ఆరు వేలు," అని గుమాస్తా చదివాడు.

నాలుగో వరసలోంచి ఒకావిడ, "ముప్ఫై ఆరేలా? ఓలమ్మో! మొన్ననే గదే రెండు గేదెలు కొన్నాడు, పెళ్లానికి ముక్కుపుడక సేయించినాడు!" అంది.

రెండు వందల పన్నెండు మంది నవ్వారు. రామినాయుడు గేదెలు తన బావమరిదివని మొదలుపెట్టి, మధ్యలో తనకే నవ్వొచ్చి, కాగితం వెనక్కి తీసుకుపోయాడు. ఆ నెలలో బుడ్డివలస మండలంలో అబద్ధపు ధ్రువపత్రం ఒక్కటి కూడా పోలేదు. పై అధికారులు దానికి అనుమానపడి, కారణం తెలపమని తాఖీదు పంపారని చెప్పుకున్నారు.

పక్క మండలంలో పరిస్థితి ఇంకా ఘోరం. అక్కడ మొక్కలు నాటే కార్యక్రమంలో మొక్కను ఇంకో మంత్రికి అందించబోతూ ఉండగా ప్రభుత్వం పడింది. వ్యవసాయాధికారి ఆ మొక్కను చేతుల్లో పట్టుకుని వంగి నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. పూటకో మనిషి వచ్చి నీళ్లు పోస్తున్నాడు. మొక్కకూ, ఆయనకూ. నెల తిరిగేసరికి మొక్క పూత పట్టింది. ఆయన నడుం పట్టింది.

సూరీడమ్మ ఇవన్నీ వింది, నవ్వాల్సిన చోట నవ్వింది, తన వంతు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టింది. కాని ఆమె కళ్లు రోడ్డవతల తోట మీదే ఉన్నాయి. మూడో వరస పదకొండో కుర్చీలోంచి తోట కనబడుతుంది. పూత పిందె అయింది. పిందె కాయ అయింది. ఇరవయ్యో రోజున కాయలు నిగనిగలాడాయి. ఇంకో పది రోజులు పోతే ముదిరి, గింజ కట్టి, గొడ్లు కూడా మూతి తిప్పుకుంటాయి.

వ్యానువాడు రోడ్డు మీద బండి ఆపి కిటికీలోంచి అరిచాడు. "సూరీడత్తా! సభ బాగుందా? కాయ ముదిరిపోతన్నాది. మొన్న సెప్పిన దాన్లో సగానికిస్తావేటి?"

"నీ మొకం! మా బస్సు కాడికొచ్చి మాట్లాడు," అంది. అందే గాని సగం ధరకు ఎంతొస్తుందో వేళ్ల మీద లెక్కేసుకుంది.

ఆ మధ్యాహ్నం పులిహోర వేళ ఆమె బస్సెక్కింది. గురునాయుడు రోజూ ఆరింటికి డ్యూటీకి వచ్చి, స్టీరింగు ముందు కూర్చుని, రెండింటికి దిగిపోతాడు. కదలని బస్సుకు లాగ్‌షీటు రాస్తాడు. వెనక సీటులో ఎవరిదో కోడిపెట్ట గుడ్లు పెట్టి పొదుగుతోంది.

"తమ్ముడూ, ఒక్క సోమారం నన్ను సంతకి దింపీరా. ఎవులూ సూడరు."

"బస్సు ఎల్లిపోతే ఎవులూ సూడరేటక్కా? రెండొందల మంది ఇటే మొకాలెట్టి కూసున్నారు. జెండా ఊపకండా బండి తీస్తే నా ఉజ్జోగం పీకీస్తారు."

"ఆ రోజు తీసినావు గదా?"

"అది ఫొటో ఆయన కదపమన్నాడు. ఫస్టు గేరేసినాను, రెండు బారలు కదిలింది. మంత్రిగోరు కారెక్కీసరికి నానే బ్రేకేసినాను."

"ఎవులు ఎయ్యమన్నారు?"

"ఎవులూ అనలేదు. నాకే తోసింది."

సూరీడమ్మ పులిహోర పొట్లం మడిచి గురునాయుడి చేతిలో పెట్టింది. "ఇది తిను. సాయంత్రం నిన్ను తిడతారు. ఏటీ అనుకోకు." అని దిగి, చప్పట్ల వాళ్లను దాటుకుని, వేదిక మెట్ల దగ్గర నిలబడింది.

"బాబూ! కాయితంలో ఏటుందీ? ఏ తీరున ఉన్నవి ఆ తీరునే ఉండాల, అంతే గదా?"

"అక్షరాలా అంతే."

"సప్పట్లు కొడతన్నాం గాబట్టి సప్పట్లు ఆపలేదు. దీపం ఎలగతన్నాది గాబట్టి దీపం ఆర్పలేదు. మరి ఆ యేళ బస్సు కదల్తన్నాది గదా బాబూ. ఇప్పుడు ఆగిపోయున్నాది. ఇది తప్పు గాదేటి?"

తహసీల్దారు గారి చేతిలో కలం ఆగింది. ఆయన ముఖంలోకి ఇరవై ఏడేళ్ల సర్వీసు ఒక్కసారిగా వచ్చి నిలబడింది. వెంటనే వీడియో తెప్పించారు. వేదిక మీదున్న వాళ్లందరూ ఒక ఫోను చుట్టూ మూగారు. రెండు గంటల పదిహేడు నిమిషాలకు మంత్రి ఎడమకాలు కారులో పడింది. ఆ క్షణాన బస్సు వెనక చక్రం తిరుగుతోంది. ఇంకోసారి వేశారు. మళ్లీ తిరిగింది.

"ఇరవై రోజులు," అన్నారు తహసీల్దారు గారు, నీళ్లు తాగి. "ఇరవై రోజులుగా ఒక వాహనము అనధికారికముగా ఆగి ఉన్నది!"

గురునాయుడికి తాఖీదు ఇచ్చారు. ఎవరి అనుమతితో బ్రేకు వేసితివి, ఇరవై నాలుగు గంటలలో సంజాయిషీ ఇవ్వవలెను. ఆ కిందనే ఉత్తర్వు. బస్సు తక్షణము కదలవలెను. కదులుతూనే ఉండవలెను. అయితే జెండా ఊపలేదు కాబట్టి సభా పరిధి దాటరాదు.

ఇక చూడాలి బుడ్డివలస. బస్సు ఫస్టు గేరులో షామియానా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆపకూడదు. డ్యూటీ మారేటప్పుడు కొత్త డ్రైవరు ఒక తలుపులోంచి ఎక్కుతుంటే పాత డ్రైవరు ఇంకో తలుపులోంచి దూకేవాడు. డీజిలు కూడా పక్కనే నడుస్తూ పోశారు. కోడిపెట్ట మాత్రం లేవలేదు. రెండు రోజుల్లో మైదానంలో గుండ్రంగా దారి పడింది. ప్రేక్షకుల్లో ముసలివాళ్లు బస్సు కిటికీల్లోంచి సభ చూస్తామన్నారు. బస్సు కూడా సభలోదే కనుక హాజరు వేశారు. గాలి తగులుతుందని అందరూ ఎగబడ్డారు.

సూరీడమ్మ కూడా రెండు తట్టల వంకాయలు పెట్టుకుని ఎక్కింది.

"ఎక్కడికే వొదినా తట్టలతోటి?" అంది పక్కావిడ.

"ఎక్కడికీ లేదు. ఈటికి బస్సు అలవాటు సేస్తన్నాను."

పద్దెనిమిది చుట్లు తిరిగింది. తిరిగిన ప్రతిసారీ పెదకోట రోడ్డు మొదలు ఎడమ పక్కన కనబడి వెనక్కి పోయింది. పంతొమ్మిదో చుట్టులో ఆమెకు ఒక ప్రశ్న పుట్టింది. వేదిక పక్కకు వచ్చినప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది.

"బాబూ! పరిధీ, పరిధీ అన్నారు. అదెంత దూరం?"

తహసీల్దారు గారు జవాబు చెప్పేలోపు బస్సు వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేదాకా ఆయన పుస్తకాలు తిరగేశారు. సభల అనుమతికి సంబంధించిన పాత నిబంధన దొరికింది. బస్సు రాగానే లేచి నిలబడి చదివారు.

"ధ్వనివర్ధకము వినిపించు మేరనంతయు సభాస్థలముగా పరిగణించవలెను!"

"అంటే మైకు ఇనిపించినంత మేరా?" అంది సూరీడమ్మ దూరమైపోతూ.

"అంతే!" అని ఆయన అరిచారు. అన్నాక ఆయనకేదో తేడాగా అనిపించింది గాని, అప్పటికే మాట మైకులో పోయింది. ఊరంతా వినేసింది.

ఆ సాయంత్రమే మైకుసెట్టు అప్పన్న దగ్గరికి పొదుపు సంఘం మొత్తం వెళ్లింది. మైదానం చివరి స్తంభానికి కట్టిన మైకు గొట్టం రోడ్డు మలుపు దాకా వినిపిస్తుంది. మలుపు దగ్గర ఇంకొకటి కడితే?

"కొత్తవి మొదలెట్టరాదని కాయితంలో ఉంది," అని గుమాస్తా అడ్డం పడ్డాడు.

"కొత్తదేటి? మైకు పాతదే. తీగ సాగదీస్తన్నాం, అంతే," అంది సూరీడమ్మ.

విషయం వేదిక మీదికెళ్లింది. తహసీల్దారు గారు గంటసేపు ఆలోచించి, తీగ సాగదీత నిర్వహణ కిందికి వస్తుంది గాని ప్రారంభం కిందికి రాదని తేల్చారు. నిజానికి ఆయన ఇల్లూ, భార్యా ఉన్నది పెదకోటలోనే. ఇరవై అయిదు రోజులుగా ఇంటికి పోలేదు. ఆ సంగతి ఫైలులో లేదు.

గొట్టం వెనక గొట్టం. మలుపులో ఒకటి, కల్లు పాకల దగ్గర ఒకటి, ఇటుక బట్టీ దగ్గర రెండు. అప్పన్న దగ్గర అయిపోతే పక్కూళ్ల పెళ్లిపందిళ్లవి తెచ్చారు. నలభై ఆరు గొట్టాలు. గొట్టం కట్టిన ప్రతి చోటికీ సభ పాకింది, సభ వెనకే బస్సు పాకింది. ఇటుక బట్టీ కూలీలు పనిలో ఉండగానే ప్రేక్షకులైపోయారు. వాళ్ల వంతు చప్పట్లు మట్టి చేతులతోనే కొట్టారు. ఇరవై ఎనిమిదో రోజు, సోమవారం పొద్దున్న, పెదకోట సంత మధ్యలో కొబ్బరికాయల కొట్టు నెత్తిన చివరి గొట్టం కూసింది. "మరి కొద్ది క్షణాల్లో గౌరవ మంత్రివర్యులు..."

ఆ వెనకే నీలం బస్సు వచ్చింది, మామిడాకులు ఎండి, దండ వడలి, వంకాయ తట్టలతో. ఆగకూడదు కాబట్టి గురునాయుడు నడకంత నెమ్మదిగా పోనిచ్చాడు. ఆడవాళ్లు నడుస్తున్న బస్సులోంచి తట్టలు అందించారు. సూరీడమ్మ మోకాళ్లు రెండూ ఒకదాన్నొకటి తిట్టుకుంటూ దిగాయి. ఆమె సంతలో కూర్చుని, కాయను తుడిచి, తన ధర తనే చెప్పింది. మధ్యాహ్నానికి తట్టలు ఖాళీ. తిరుగు బస్సులో ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. దారిలో వ్యానువాడు కనిపిస్తే చెయ్యూపింది. వాడు ముఖం చిట్లించాడు. ఈసారి ఆమెకు ఆ చిట్లింపు బాగుంది.

నెల రోజులు అలా గడిచాయి. సోమవారం, గురువారం, మిగతా రోజుల్లో కూడా. సభ ఆగలేదు, బస్సు ఆగలేదు. పిల్లలు కాలేజీకి సభలోనే వెళ్లి సభలోనే వచ్చారు. ఊళ్లో ఎవరూ మంత్రుల ఊసెత్తలేదు. రాజధానిలో తగాదా తీరకూడదని మాత్రం ఇద్దరు ముగ్గురు మొక్కుకున్నారు.

అరవై ఒకటో రోజున తీరింది. మంత్రులు ప్రమాణం చేశారు. అరవై మూడో రోజున కొత్త మంత్రిగారు బుడ్డివలస సభను పూర్తి చెయ్యడానికి వస్తున్నారని కబురొచ్చింది. వెంట డిపో అధికారి ఒక కాగితం తెచ్చి తహసీల్దారు గారికి ఇచ్చాడు. ఆయన అలవాటు కొద్దీ మైకులోనే చదివేశారు.

"సదరు బస్సు ప్రారంభోత్సవ సభ ముగిసిన మరుక్షణము నుండి ప్రజాప్రయోజనార్థము మంత్రివర్యుల స్వగ్రామమునకు బదిలీ చేయడమైనది."

నలభై ఆరు గొట్టాల్లో ఆ మాట వినబడింది. ఇటుక బట్టీ దగ్గర చప్పట్లు ఆగాయి. సూరీడమ్మకు ఏం పాలుపోలేదు. తోటలో రెండో కాపు పిందె మీదుంది. ఇంకో రెండు నెలలు కాస్తుంది. ఆమె తహసీల్దారు గారి దగ్గరికి వెళ్లింది.

"బాబూ, ఇదేటి? మా ఊరి బస్సు గదా!"

ఆయన తల వంచుకున్నారు. అరవై రోజులు ఒకే పులిహోర తిన్న మనుషులు. "కాగితంలో ఉందమ్మా. సభ ముగిసిన మరుక్షణం. నా చేతుల్లో ఏముంది?"

"ముగిసిన మరుచ్చనం," అని ఆమె మెల్లిగా అనుకుంటూ వచ్చి కూర్చుంది.

కొత్త మంత్రిగారు కొత్త జెండాతో వచ్చారు. అరవై మూడు రోజుల దండల గుట్టను దాటించి ఆయనను కుర్చీ దగ్గరికి చేర్చారు. పదకొండు తువ్వాళ్ల మీద కూర్చునేసరికి కాళ్లు నేలకు అందలేదు. ప్రసంగించారు. గత మంత్రి సగం ఎత్తిన జెండాను తాము పూర్తిగా ఎత్తుతున్నామన్నారు. ఎత్తారు, ఊపారు. చప్పట్లు వంతుల వారీగా కాకుండా మొదటిసారి అందరూ ఒకేసారి కొట్టి ఆపేశారు. అంత నిశ్శబ్దం ఊళ్లో వినక చాలా రోజులైంది. గురునాయుడు కళ్లు తుడుచుకున్నాడు.

సోమయాజి మాస్టారు కార్యక్రమ పట్టిక చూశారు. "చివరి అంశం, వందన సమర్పణ. లబ్ధిదారుల తరఫున ఒక మహిళ." అని తలెత్తి, వరసల్లో వెతికారు.

సూరీడమ్మ అప్పటికే మెట్లెక్కుతోంది.

"రెండు ముక్కలు చెప్పి దిగమ్మా," అన్నారు తహసీల్దారు గారు.

ఆమె మైకు పట్టుకుంది. ముందుగా మంత్రిగారికి దండం పెట్టింది. ఆయన్ను కన్న తల్లికి పెట్టింది. తండ్రికి పెట్టింది. ఆయనకు అక్షరాలు నేర్పిన పంతులుకి, తల గొరిగిన మంగలికి, తొలిసారి ఓటేసిన మనిషికి పెట్టింది. మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. ఆమె దండాలు ఆయన కారు దాకా వచ్చాయి. డ్రైవరుకి, డ్రైవరు ఆలికి, ఆలి పుట్టింటోళ్లకి. మంత్రిగారు గడియారం చూసుకున్నారు.

"ముగించమ్మా," అని తహసీల్దారు గారు చెవిలో అన్నారు.

ఆమె మైకులోనే జవాబిచ్చింది. "మంత్రిగోరికి దండాలెడతంటే సగంలో ఆపమంతారేటి బాబూ? ఆరికి అవమానం గాదేటి?"

మంత్రిగారు చెయ్యి ఊపి, కానివ్వండి అన్నట్టు సైగ చేశారు. మైకులో తనకు వందనం జరుగుతుండగా లేచి వెళ్లిన మంత్రి ఎక్కడైనా ఉన్నాడా?

పాండురంగారావు గారు ఆమె ముఖంలోకి చూశారు. తర్వాత రోడ్డు మీదికి చూశారు. గొట్టాలింకా మోగుతున్నాయి, బస్సింకా కదులుతోంది. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి ఆయన పెదవి ఒక పక్కకు వంగింది. ఆయన వెనక్కి తిరిగి, "వందన సమర్పణకు కాలపరిమితి ఉన్నట్టు ఏ నిబంధనలోనూ లేదు," అని డిపో అధికారికి వినబడేలా అన్నారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

చీకటి పడేవేళకు సూరీడమ్మ మైకును నాలుగో వరస ఆవిడకిచ్చింది. చప్పట్లకు వంతులు వేసిన రిజిస్టరు ఉండనే ఉంది. రెండు వందల పన్నెండు మంది. ఒక్కొక్కరికీ చెప్పుకోవలసిన కృతజ్ఞతలు ఎన్ని లేవు?

మంత్రిగారు రెండో రోజు మధ్యాహ్నం, వందనం తన బావమరిది దగ్గరికి చేరిన సమయం చూసి, సభా పరిధిలోనే ఉన్న బస్సెక్కి పెదకోటలో దిగి, అక్కణ్నుంచి రాజధానికి పోయారు. నడుస్తున్న బస్సులోంచి దిగడం ఆయనకు అలవాటు లేక పంచె చిరిగిందట. దానికి కూడా సంఘం తరఫున వందనం చెప్పారు.

సభ నడుస్తోంది. నిన్న సోమవారం. సూరీడమ్మ రెండో కాపు మొదటి కోత సంతకు తీసుకుపోయింది. తన వంతు మైకు సాయంత్రం అందుకుంది. బస్సు ముందు చక్రాలు రెంటికీ వందనం పూర్తయింది. వెనక నాలుగున్నాయి.

పొట్నూరు నీలాచలమ్మ
వయసు డెబ్బై ఒకటి
ప్రస్తుతం ఉంటున్నది బొబ్బిలిలో, చిన్న కూతురింట్లో